కూర్చోవడం నేర్పిన పాస్టరమ్మ

మాత్ర వేసుకున్నట్టా లేనట్టా, పొద్దున నీళ్లగ్లాసు చేతిలోకి తీసుకోవడం గుర్తుంది, గ్లాసు మీద ఎర్ర కోడిపుంజు బొమ్మ కూడా గుర్తుంది, మాత్ర నాలుక మీద పెట్టుకోవడం మాత్రం గుర్తు లేదు, వేసుకోకపోతే ఈ గుండెదడ బీపీది, వేసుకుని ఉంటే మరి ఈ దడ దేనిది, ఆ సంగతి ఆలోచించడం కన్నా వేసుకోలేదనుకోవడమే నయం అనుకుంది లామ్రియా, ఎర్రమట్టి దారి నిన్నటి వానకి వెన్నలా జారుతోంది, ముందు నడుస్తున్న నాయి సహాత వెనక్కి తిరక్కుండానే, ఇటు గడ్డి మీద నడువు పాస్టరమ్మా, మధ్యలో నడిచావంటే మా పందిపిల్లలా పొర్లుతావు అంది, సహాత అనే పిల్లకి తల్లి కాబట్టి ఊరంతా ఆమెను నాయి సహాత అంటుంది, కన్నవాళ్లు పెట్టిన పేరు ఒక్కసారి తరగతి హాజరు కాగితం మీద చూసింది లామ్రియా, చూసి మర్చిపోయింది, ఆమె నెత్తి మీద ఉడికించిన కర్రపెండలం గంప, దాన్ని కుడిచెయ్యి పట్టుకుని ఉంది, ఎడమచెయ్యి మాత్రం మోచేతి దగ్గర మడిచి పొట్టకి ఆనించినట్టే ఉంటుంది, పట్టుకోవడానికి కాదు, అది ఇక చాపుకోదు, ఆ చేతిని చూడకూడదనుకుంటూనే లామ్రియా ఊరి చివరినుంచి ఇక్కడి దాకా దాన్నే చూస్తూ వచ్చింది.

చేతిసంచీలో ఫోను మళ్లీ వణికింది, బిషపుగారే అయ్యుంటారు, నిన్న సాయంత్రం అరగంట మాట్లాడారు, పాస్టర్లని తయారుచేసే వేదపాఠశాలలో ఒకే బెంచీ మీద కూర్చున్నవాడు, ఆమె నోట్సు చూసి హెబ్రీ పరీక్ష గట్టెక్కినవాడు, ఇప్పుడు బిషపుగారు, చూడు చెల్లీ, జిల్లా అధికారులు వచ్చేవారం కూర్చుని మాట్లాడతామన్నారు, ఈలోగా దారికి అడ్డంగా కూర్చున్న ఆ ఆడవాళ్లని ఇళ్లకి పంపించెయ్, అడవి ఎక్కడికీ పోదు, ఇంకో చెయ్యి విరిగితే ఎవరు జవాబు చెబుతారు, నువ్వు చెబితే వింటారు, వాళ్లని కూర్చోబెట్టింది నువ్వేగా, ఆ చివరి మాట ఆయన మామూలుగానే అన్నాడు, ఎత్తిపొడుపు కూడా లేదు, అయినా అది రాత్రంతా చేపముల్లులా గొంతులో ఉండిపోయింది, నువ్వేగా, నువ్వేగా, అడవి ఎక్కడికీ పోదంటాడు, పోయిన ఏడాది కిందిలోయ అడవి ఎక్కడికి పోయిందో తెలియనట్టు, సాంబ్రాణి చెట్లున్న కొండ ఒక్క వారంలో బోడిగుండయింది, ఇప్పుడక్కడ కాగితం కంపెనీ నాటిన జామాయిల్ మొక్కలు వరసగా సైనికుల్లా నిలబడ్డాయి, వాటి కింద గడ్డి మొలవదు, వాటి మీద పిట్ట వాలదు, అది తెలిసీ తాను ఫోనులో సరేనంది, చెబుతానంది, సరే అనేటప్పుడు గుండె కాస్త తేలికపడింది కూడా, అదే ఇప్పుడు సిగ్గుగా ఉంది.

కూర్చోబెట్టింది తానే కదా మరి, రెండేళ్ల కిందట చర్చి హాల్లో మూడు రోజుల తరగతి, అప్పుడే తన పుస్తకం వచ్చింది, నేల మీద కూర్చున్న దేవుడు అని పేరు, అధికారానికి ఎప్పుడూ ఎత్తు కావాలి, కుర్చీ కావాలి, గుర్రం కావాలి, మెట్లు కావాలి, ప్రభువు మాత్రం బావిగట్టు మీద కూర్చున్నాడు, పడవలో కూర్చున్నాడు, ఒకామెని కొట్టడానికి రాళ్లు పట్టుకున్న మగవాళ్లంతా నిలబడి ఉంటే తాను వంగి నేల మీద వేలితో రాశాడు, నేలనంటిన మనిషిని పడదోయడం ఎవరి తరమూ కాదు, నాలుగో అధ్యాయంలో ఈ వాక్యం రాసిన రోజు ఆమె లేచి గదిలో అటూ ఇటూ నడిచింది సంతోషం పట్టలేక, తరగతిలో అది చెప్పినప్పుడు ఆడవాళ్లు నవ్వారు, కూర్చోవడం కూడా నేర్పుతారంటమ్మా పట్నంలో, మేం నడుం వంచి లేవడం నేర్పితే బాగుండు అని వెనక నుంచి ఎవరో అన్నారు, అయినా నేర్చుకున్నారు, ఒకరి మోచేతిలో ఒకరు చెయ్యి ఎలా పెనవేసుకోవాలో, లాగుతుంటే ఒళ్లు ఎలా బరువుగా వదిలెయ్యాలో, లాఠీ వైపు కాకుండా లాఠీ పట్టినవాడి కళ్లలోకి ఎలా చూడాలో, అన్నీ కాగితం చూసి చెప్పింది, తానెప్పుడూ ఒక్క లాఠీ ముందు కూర్చున్న పాపాన పోలేదు, ఆరు నెలలకి ఇదే మలుపు దగ్గర నాయి సహాతని పోలీసులు లాగి లారీ పక్కకి విసిరారు, మోచెయ్యి రెండు చోట్ల విరిగింది, ఆ మధ్యాహ్నం తాను మనీలాలో ఒక సదస్సులో ఉంది, వేదిక ఎక్కడానికి ఇంకో ఐదు నిమిషాలుందనగా ఫోనులో కబురు, ఎక్కి అదే చెప్పింది, కాగితం పక్కన పెట్టి, గొంతు వణుకుతుండగా, ఒక తల్లి చెయ్యి గురించి, హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది, తాను తలవంచి ఆ చప్పట్లు అందుకుంది, అందుకుంది, అంతకన్నా మర్యాదైన మాట దొరకదు, పదకొండో రోజున ఆస్పత్రికి బిస్కెట్ డబ్బా పట్టుకుని వెళ్తే నాయి సహాత కట్టులోంచి వేళ్లు ఆడిస్తూ, బిస్కెట్లెందుకు తెచ్చావు పాస్టరమ్మా, కాస్త పందిమాంసం వండించుకు రాకపోయావా అని నవ్వింది, ఆ నవ్వుకి తాను ఏడ్చింది, ఏడిస్తే ఆవిడే ఓదార్చాల్సి వచ్చింది, మంచి చేత్తో.

ఇదిగో మలుపు, కల్వర్టు, పొగ, మొదట కాఫీ వాసన, తరవాత ఆడవాళ్ల మాటలు, దారికి అడ్డంగా చాపలు పరిచి నలభై మంది దాకా కూర్చున్నారు, లుంగీలు, స్వెట్టర్లు, భుజాల మీద నేత శాలువాలు, అటువైపు పొగమంచులో సాంబ్రాణి చెట్లు, ఈ చెట్టు ఒకప్పుడు ఆడపిల్లట, ఇష్టంలేని పెళ్లి నుంచి పారిపోయి అడవిలో చెట్టయిందట, అందుకే గాటు పెట్టేముందు మగవాళ్లు దాన్ని బతిమాలుతూ పాట పాడతారు, గాటు పెట్టిన మూడు నెలలకి తెల్లటి కన్నీరు గడ్డకడుతుంది, యేసుబిడ్డకి జ్ఞానులు పట్టుకెళ్లిన సాంబ్రాణి మన కొండదే అని ఊళ్లో ప్రతి క్రిస్మస్‌కీ ఎవరో ఒకరు వాదిస్తారు, రా రా, కండలేని పాస్టరమ్మ వచ్చింది, చలికి ఎలా ముడుచుకుపోయిందో చూడండి అని కేకేసింది ఓంపు గాబే, ఎనభై దాటిన అవ్వ, వరస మధ్యలో రాణిలా కూర్చుని తమలపాకు నములుతోంది, ఎర్రటి నోరు, ఎన్ని పళ్లున్నాయో లెక్కపెట్టొచ్చు, ఇలా రా తల్లీ, కాఫీ తాగు, చక్కెర లేదు, నా మొహం చూస్తూ తాగు, అందరూ గొల్లుమన్నారు, లామ్రియా నవ్వింది, పెదవులు మాత్రమే నవ్వాయి, ఇప్పుడే చెప్పెయ్యాలి, కాఫీ తాగాక చెబుదాం, వద్దు ఇప్పుడే, తాగేశాక అయితే వాళ్ల కాఫీ తాగి వాళ్లనే లేవమన్నట్టుంటుంది.

అవ్వా, అందరూ వినండి, బిషపుగారు ఫోను చేశారు అని మొదలుపెట్టింది, తన గొంతు తనకే కమిటీ గదిలో గొంతులా వినిపించింది, వచ్చేవారం అధికారులు కూర్చుని మాట్లాడతామన్నారట, ఆలోగా ఈరోజుకి మనం ఇళ్లకి వెళ్దాం, పోలీసులు వచ్చేది ఈసారి రెండు లారీల్లోనట, నాకు మీ గురించే భయంగా ఉంది, అంది, మీ గురించే అనే మాట కాస్త గట్టిగా పడింది, ఎవరూ కోప్పడలేదు, కోప్పడితే బాగుండేది, ఓంపు గాబే తమలపాకు రసం పక్కకి ఉమ్మి, వచ్చేవారం వరకూ చెట్లని కూడా ఆగమన్నారా బిషపుగారు, రంపాలకి సెలవిచ్చారా అని అడిగింది, ఇంకొకామె, ఆయన్ని కూడా రమ్మనండి ఇనాంగ్, చాప ఖాళీ ఉంది, ఆయన పెద్ద నడుముకి రెండు చాపలేస్తాం అంది, ఇనాంగ్ అంటే అమ్మ, మర్యాదగా అమ్మ అంటూనే ఎంత మాట అంది, మళ్లీ నవ్వులు, నాయి సహాత మాత్రం నవ్వలేదు, గంప దించి పెండలం ముక్కలు పంచుతూ లామ్రియా వైపు ఒక చూపు చూసింది, కోపం కాదు, జాలి కూడా కాదు, బడిలో పిల్ల తప్పు అక్షరం రాస్తే చూసేలాంటి చూపు, సరేగానీ నువ్వెక్కడ కూర్చుంటావు పాస్టరమ్మా అంది, లామ్రియా తడబడింది, నేను, నేను ఆ కల్వర్టు దగ్గర నిలబడతాను, ఎవరో ఒకరు వాళ్లతో మాట్లాడాలి కదా, మోకాళ్లు కూడా, అంది, అవును మోకాళ్లు, అని నాయి సహాత తల ఊపి ఒక పెండలం ముక్క ఆమె చేతిలో పెట్టింది, వేడిగా ఉంది, తినబుద్ధి కాలేదు, పారెయ్యడానికి మనసొప్పలేదు, అలాగే చేతిలో పట్టుకుని కల్వర్టు మీదకి వెళ్లి నిలబడింది, నిలబడింది, పుస్తకం రాసినావిడ నిలబడింది.

లారీల చప్పుడు కొండకింద మొదలైతే పైకి రావడానికి పావుగంట పడుతుంది, ఆ పావుగంటే అన్నిటికన్నా చెడ్డది, చప్పుడు ఒక మలుపులో పెరుగుతుంది, ఇంకో మలుపులో తగ్గుతుంది, తగ్గినప్పుడల్లా వెనక్కి వెళ్లిపోయారేమో అనిపిస్తుంది, నాన్న బడి నుంచి వచ్చేటప్పుడు కూడా ఇంతే, చెప్పుల చప్పుడు దూరం నుంచే తెలిసేది, పక్కింటి దగ్గర ఆగితే బతికామనిపించేది, నాన్న చర్చి ఉపదేశి, బడిపంతులు కూడా, చేతిలో జామబెత్తం ఉండేది కానీ ఎక్కువగా చెయ్యే వాడేవాడు, వెడల్పాటి అరచెయ్యి, బొటనవేలు కొంచెం బయటికి వంగి ఉండేది, కొట్టాక ఆ చేతినే ముద్దు పెట్టుకోమనేవాడు, నిన్ను దిద్దిన చెయ్యమ్మా ఇది అని, తొమ్మిదేళ్లప్పుడు పందుల దొడ్డి వెనక నిలబడి దేవుడితో ఒప్పందం చేసుకుంది, నేను ఎవరినీ కొట్టను, చచ్చినా కొట్టను అని, నలభై మూడేళ్లు ఆ మాట మీదే ఉంది, పెళ్లి చేసుకోలేదు, బిడ్డలు లేరు, క్లాసులో బల్ల మీద చెయ్యి చరచలేదు, విద్యార్థులు ఆమెను నిశ్శబ్దం మేడమ్ అంటారు చాటుగా, ఆ పేరు ఆమెకు ఇష్టం, ఇదిగో వచ్చేశాయి, మొదటి లారీ ముక్కు మంచులోంచి, తరవాత రెండోది, వాటి వెనక రంపాల మనుషుల బండి, పోలీసులు దూకుతున్నారు, బూట్లు బురదలో చపచప, ముప్పై మంది, కాదు ఎక్కువే, దేవా, అందరూ ఎంత చిన్నవాళ్లు.

ఆడవాళ్లు మోచేతులు పెనవేసుకున్నారు, పాటందుకుంటారేమో అనుకుంది, పుస్తకంలో అయితే ఇక్కడ పాట, అయితే ఓంపు గాబే గొంతు సవరించుకుని, ఒరే పొడుగోడా, ఇటు చూడు, నీ ఇంటిపేరేంటిరా అంది ఎదురుగా నిలబడ్డ పోలీసుతో, వాడు చూపు తిప్పుకున్నాడు, మూగోడా పాపం అని పక్కామె, మూగ కాదు, ఆ ముక్కు చూస్తే పాసారిబు వాళ్ల ముక్కులా లేదూ అని ఇంకొకామె, కాదత్తా, సిలాబన్ అని వాడు అనలేక అన్నాడు, అంతే, దొరికిపోయాడు, సిలాబనా, మా చిన్నకోడలు పుట్టింటివాళ్లే, మీ మూలపురుషుడి నుంచి నువ్వెన్నో తరం, పదిహేనా, అయితే నేను నీకు అమ్మమ్మ వరసరా, అమ్మమ్మ మీద లాఠీ ఎత్తుతావా, మీ మేనమామకి కూతుళ్లున్నారా, చేసుకోకుండా ఈ ఉద్యోగమేంటి నీకు, వరస చివరి దాకా నవ్వు పాకింది, లారీ దగ్గర నిలబడ్డ పోలీసుల్లో కూడా ఇద్దరు మూతులు బిగించుకున్నారు నవ్వాపుకోవడానికి, లామ్రియా కల్వర్టు మీద నోరు తెరుచుకుని చూస్తోంది, పది అధ్యాయాలు రాసింది, అధికారం ఎక్కడ పుడుతుంది, దాన్ని ఎలా నిరాయుధం చెయ్యాలి అని, రెండు వందల పాదసూచికలు పెట్టింది, ఇంటిపేరు అడగమని ఎక్కడా రాయలేదు, నీదేంటి నాయనా అని నాయి సహాత తన ఎదుటి కుర్రాణ్ణి అడిగింది, గడ్డం సరిగ్గా మొలవని పోలీసు, మానిహూరుక్ అండీ, జోగి మానిహూరుక్ అన్నాడు, అయ్యో మా పాస్టరమ్మ ఇంటిపేరువాడివే, అదిగో కల్వర్టు మీద కొంగలా నిలబడిందే ఆవిడ, నువ్వెన్నో తరం, పదహారా, ఆవిడ పదిహేను, నీకు మేనత్త అవుతుందిరా, దణ్ణం పెట్టు, ఆ కుర్రాడు లామ్రియా వైపు చూసి నిజంగానే తల కొంచెం వంచాడు, ఆమె పెండలం ముక్క పట్టుకున్న చేతిని కొంచెం ఎత్తింది, ఏం చెయ్యాలో తెలియక, ఒక్క క్షణం గుండె దడ ఆగింది, ఇదంతా నవ్వుతోనే తేలిపోతుందేమో అనిపించింది.

తేలలేదు, ముందు సీట్లోంచి వాళ్ల అధికారి దిగాడు, వేరే ద్వీపం నుంచి బదిలీ మీద వచ్చినవాడు, ఈ వరసలూ తరాలూ అతనికి పట్టవు, ఏంటా నవ్వులు, మీరు పెళ్లికొచ్చారా అని తన మనుషుల మీద అరిచాడు, గడియారం చూసుకుని, మూడు నిమిషాలు, దారి ఖాళీ చెయ్యండి అన్నాడు, లామ్రియా పెండలం ముక్క సంచీలో వేసుకుని కల్వర్టు దిగి వెళ్లింది, సార్, నేను సియంతార్ వేదపాఠశాలలో ఆచార్యురాలిని, డాక్టర్ లామ్రియా, మనం ఒకసారి ప్రశాంతంగా, అంటూ ఉండగానే అతను ఆమె తల మీంచి వెనకున్న వాళ్లని లెక్కపెడుతూ, మేడమ్ పక్కకి జరగండి అన్నాడు, మేడమ్ అన్నాడు, పక్కకి అన్నాడు, మనీలాలో నిలబడి చప్పట్లు కొట్టిన హాలు, బెర్లిన్ నుంచి వచ్చిన ఉత్తరాలు, పుస్తకం వెనకట్ట మీద ఫోటో, ఏదీ ఈ బురద దాకా రాలేదు, ఆమె పక్కకి జరిగింది, చెప్పినట్టే జరిగింది, వినయంగా, నాన్న లోపలికి పో అంటే పోయినట్టు, మూడు నిమిషాలు ఇంత త్వరగా ఎలా అయిపోయాయి, లాగండి అన్నాడు అతను, లాగడం మొదలైంది, చాపలు చిరుగుతున్నాయి, కాఫీ గిన్నె దొర్లింది, ఆడవాళ్లు ఒళ్లు బరువుగా వదిలేశారు, తాను కాగితం చూసి చెప్పినట్టే, అరిచేవాళ్లు అరుస్తున్నారు, ఒకామె మాత్రం ఇంకా ఇంటిపేర్లు అడుగుతూనే ఉంది, జోగి నాయి సహాత ముందు వంగి తటపటాయించాడు, వెనకనుంచి అధికారి కేకేశాడు, వాడు కళ్లు మూసుకుని చేతికి దొరికిన చెయ్యి పట్టి లాగాడు, అది ఎడమచెయ్యి, చాపుకోని చెయ్యి, నాయి సహాత గొంతులోంచి వచ్చిన కేక మనిషి కేకలా లేదు, ఏడాదిన్నరగా లామ్రియా నిద్రలో విన్నది ఆ కేకే, వినకపోయినా విన్నది, అప్పుడు మనీలాలో వినలేదు కాబట్టి ప్రతి రాత్రీ విన్నది.

చెంప మీద అరచెయ్యి పడ్డ చప్పుడు ముందు వినిపించింది, ఎవరు ఎవరిని కొట్టారా అనుకుంది, జోగి టోపీ బురదలో పడింది, వాడి ఎడమ చెంప మీద నాలుగు వేళ్లు తేలుతున్నాయి, వాడి ముందు నిలబడి ఉన్నది తాను, గాలిలో ఉన్న చెయ్యి తనది, బొటనవేలు కొంచెం బయటికి వంగి, నాన్నా, నువ్వా, ఎప్పుడొచ్చావు, అంతా ఆగిపోయింది, లాగేవాళ్లు ఆగారు, లాగబడేవాళ్లు ఆగారు, నలభై మంది ఆడవాళ్లలో, ఎన్ని పొలాలు పోగొట్టుకున్నవాళ్లో, ఎన్నిసార్లు లాగబడ్డవాళ్లో, ఒక్కరూ చెయ్యెత్తలేదు, ఎత్తింది ఒక్కతే, ఆ పుస్తకం రాసినావిడ, అధికారి నడుచుకుంటూ వస్తున్నాడు, మొహంలో సంతోషం దాచుకోలేకపోతున్నాడు, ఇదే కావాలి అతనికి, ఇప్పుడు కాగితం మీద రాసుకోవచ్చు, పోలీసు మీద దాడి అని, ఆవిడ పేరు రాసుకో, బండెక్కించు, మిగతా వాళ్లందర్నీ కూడా అన్నాడు, అందర్నీ, అందర్నీ తానే బండెక్కించింది, మళ్లీ తానే, అప్పుడు ఓంపు గాబే కూర్చున్న చోటినుంచే, ఓ బాబూ, నువ్వు మధ్యలో దూరకు, మేనత్త మేనల్లుణ్ణి కొట్టింది, అది వాళ్లింటి సంగతి అంది.

ఏంటీ అన్నాడు అధికారి, ఇంటి సంగతి నాయనా, ఇంకోసారి చెప్పనా, వీడు మానిహూరుక్, ఆవిడా మానిహూరుక్, వీడి నాన్నకి అక్క వరస, వీడు దెబ్బ తగిలిన చెయ్యి పట్టి లాగాడు, పెద్దది కనక బుద్ధి చెప్పింది, మీ ఊళ్లో మేనత్తలు కొట్టరా, ముద్దులు పెడతారా అంది అవ్వ, సిలాబన్ కుర్రాడు ఫక్కున నవ్వేశాడు, ఇంకెవరో దగ్గి కప్పిపుచ్చారు, అధికారి మొహం కందిపోయింది, ఒరే నువ్వు చెప్పు, ఈమె నిన్ను కొట్టిందా లేదా, దాడి చేసిందా లేదా అని జోగి మీదకి వెళ్లాడు, జోగి వంగి టోపీ తీసుకున్నాడు, బురద మోచేత్తో తుడిచాడు, తుడుస్తూనే ఉన్నాడు, ఎంతసేపు తుడుస్తాడో అనిపించింది, వాడి కళ్లలో నీళ్లున్నాయి, దెబ్బకో అవమానానికో ఆ కేకకో ఎవరికి తెలుసు, మా మేనత్త సార్ అన్నాడు చివరికి, కొట్టిందిగానీ మేనత్త సార్, కేసెలా పెడతాను, ఇంటికెళ్తే మా నాన్న ఇంకోటి తగిలిస్తాడు, ఆ మాటతో పోలీసుల వరసలో ఏదో వదులైంది, ఒకడు పట్టుకున్న చెయ్యి వదిలాడు, ఇంకొకడు దొర్లిన కాఫీ గిన్నె నిలబెట్టాడు, అధికారి ఫోను తీసి కల్వర్టు దాకా వెళ్లాడు, మాట్లాడాడు, విన్నాడు, మళ్లీ మాట్లాడాడు, సూర్యుడు మంచుని చెట్ల నడుములదాకా కిందికి దించేవరకూ మాట్లాడాడు, తిరిగొచ్చి ఎవరి మొహమూ చూడకుండా, రేపొస్తాం అన్నాడు, రండి, చక్కెర తెచ్చుకోండి అంది ఓంపు గాబే, లారీలు వెనక్కి తిరగడానికి చోటు చాలక చాలాసేపు ముందుకీ వెనక్కీ ఊగాయి, ఆ సందులో లామ్రియా పరుగులాంటి నడకతో రెండో లారీ దగ్గరికి వెళ్లింది, నాయనా జోగీ, తప్పయింది, నేను కొట్టకూడదు, నిన్నే కాదు, ఎవర్నీ, నన్ను క్షమించు అంది, ఆ మాటలు కమిటీ గొంతుతో రాలేదు, ఏ గొంతో ఆమెకే తెలియదు, వాడు లారీ అంచు మీంచి వంగి, ఫరవాలేదత్తా, మా అమ్మ ఇంతకన్నా గట్టిగా కొడుతుంది అని, కాస్త ఆగి, ఆవిడ చెయ్యి సంగతి నాకు తెలీదు, నిజంగా తెలీదు, చెప్తావా ఆవిడకి అన్నాడు, లారీ కదిలింది.

చెప్పింది, నాయి సహాత మోచెయ్యి ఒళ్లో పెట్టుకుని ఇంకో ఆమె చేత కొబ్బరినూనె రాయించుకుంటోంది, మొహం తెల్లగా పాలిపోయి ఉంది, తెలుసులే, కళ్లు మూసుకుని పట్టుకున్నాడు పిచ్చి వెధవ అంది, కూర్చో, నువ్వు ముందు కూర్చో పాస్టరమ్మా, పడిపోయేలా ఉన్నావు అని కుడిచేత్తో చీలమండ దగ్గర లుంగీ పట్టి లాగింది, లామ్రియా కూలబడింది, చాప తడిగా ఉంది, మోకాళ్లు రెండూ టక్కుమన్నాయి, నా వల్లే, అప్పుడూ నా వల్లే, నేను నేర్పకపోతే నువ్వు ఇక్కడ కూర్చునేదానివే కాదు, ఇప్పుడు మళ్లీ నా చేత్తోనే అందరూ జైలుకి పోయేవాళ్లు, అని ఏడుస్తూ అంటుంటే నాయి సహాత మొహం చిట్లించింది, ఆగాగు, ఏం నేర్పావు నువ్వు, కూర్చోవడమా, మా అత్త ఓంపు గాబేని అడుగు, నా పెళ్లి కాకముందు ఇదే మలుపులో రోడ్డు వేసేవాళ్ల బండికి అడ్డం కూర్చుంది, మా ఆయన్ని చంకలో పెట్టుకుని, నీ తరగతికి ఎందుకొచ్చామనుకున్నావు, మధ్యాహ్నం పందిమాంసం భోజనమన్నారు, వచ్చాం, నువ్వు బక్కగా, దడదడగా, కాగితం పట్టుకుని వణికిపోతూ చదువుతుంటే పాపం అనిపించి మూడు రోజులూ కూర్చున్నాం, నా చెయ్యి నాది పాస్టరమ్మా, నా చెట్ల కోసం నేను విరగ్గొట్టుకున్నాను, దాన్ని కూడా నువ్వు పట్టుకెళ్లిపోతే ఎలా, అంది, కోపంగానే అంది, అని మళ్లీ పక్కకి జరిగి ఆమెకి చోటిచ్చింది, ఏదేమైనా బాగానే తగిలిందిలే వాడికి అని అవతల నుంచి ఎవరో అంటే, ఛ, నవ్వకండే, ఆవిడ ఏడుస్తోంది అంది నాయి సహాత.

ఏడుపు దానంతటదే ఆగింది, లామ్రియా తల ఎత్తి చూసింది, ఎదురుగా దారి మీద టైర్ల గాట్లలో నీళ్లు చేరుతున్నాయి, ఇంత కిందనుంచి చూస్తే దారి ఎంత వెడల్పుగా ఉంటుందో ఆమెకు ఇన్నాళ్లూ తెలియదు, లారీ ముక్కు ఎంత ఎత్తున ఉంటుందో తెలియదు, ఈ చలి నడుంలోకి ఎలా పాకుతుందో తెలియదు, పక్కన నాయి సహాత ఒంటి వేడి తగులుతోంది, అటుపక్క పేరు తెలియని ఇంకో ఆమెది, అక్కా, నీ సొంత పేరేంటి అని అడిగింది నాయి సహాతని, రోతువా, ఎందుకు అంది ఆవిడ, ఊరికే అంది లామ్రియా, రోతువా, రోతువా అని లోపల రెండుసార్లు అనుకుంది, కుడి అరచెయ్యి ఇంకా మండుతోంది, దాన్ని ఒళ్లో వెల్లకిలా పెట్టుకుని చూసింది, గీతలు, బురద, వంగిన బొటనవేలు, ఈ ఆడవాళ్లకేమవుతుందో అని రాత్రులు లేచి కూర్చున్నది, ఫోనులో సరేనని తేలికపడ్డది, కల్వర్టు మీద నిలబడ్డది, వేల మైళ్ల దూరం వెళ్లి శాంతి గురించి చెప్పి రావడం అంత సులువుగా ఉన్నది, ఒక్కొక్కటీ వచ్చి ఆ అరచేతిలో వాలుతున్నట్టనిపించింది, లాఠీ ముందు కూర్చుంటే ఇది లేస్తుందని ఎక్కడో తెలుసు, పందుల దొడ్డి వెనక నిలబడ్డ పిల్లకి ఆనాడే తెలుసు, అందుకే కూర్చోవాల్సిన చోట్లన్నిటికీ పుస్తకాన్ని పంపింది, ఇవాళ అది లేచింది, నలభై మంది చూశారు, చూసి ఒకరు దానికి వరస కలిపారు, ఒకరు లుంగీ పట్టి కిందికి లాగారు, ఇప్పుడు దాచడానికి ఏమీ లేదు, రేపు మళ్లీ లారీలొస్తాయి, రేపు ఇదే వరసలో కూర్చోవాలి, ఆ పక్క ఒకరికీ ఈ పక్క ఒకరికీ దీన్ని అప్పగించి గట్టిగా పట్టుకోమని చెప్పాలి, లాఠీలకి కాదు, బిషపుకి కాదు, ఇన్నేళ్లూ తాను భయపడింది ఈ చేతికే.